నాలుగు, ఐదు తరగతుల టీచర్‌కు ఏ శిక్షణ పనికొస్తుంది?

ప్రశ్న: నేను ఉప్పల్ ప్రాంతంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయినిని. డి.ఎడ్. పూర్తిచేసినప్పటి నుంచి ఒకటి, రెండు తరగతులకే బోధించాను. ఈ ఏడాది జూన్‌లో బడి తెరిచాక నాలుగు, ఐదు తరగతుల గణితం, పరిసరాల విజ్ఞానం నాకు అప్పగించారు. చిన్న తరగతుల్లో బాగా పనికివచ్చిన అభినయ గేయాలు, బొమ్మల కార్డులు ఈ పిల్లల దగ్గర పనిచేయడం లేదు. పాఠం గడగడా చదివేస్తారు, అర్థం అడిగితే చెప్పలేరు. భిన్నాలు మొదలుపెట్టగానే సగం మంది దిక్కులు చూస్తారు. ప్రతి వేసవిలో మా యాజమాన్యం ఎవరినో ఒకరిని పిలిపించి శిక్షణ ఇప్పిస్తుంది. ఆన్‌లైన్ కోర్సులు చేసి సర్టిఫికెట్లు కూడా తెచ్చుకున్నాను. వాటిలో తరగతి గదిలో ఉపయోగపడినది చాలా తక్కువ. ఈ వయసు పిల్లలకు బోధించడానికి నేను ఏం నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి? నలభై వేల రూపాయల ఫీజుతో ఒక ఆన్‌లైన్ డిప్లొమాలో చేరమని ఒక సంస్థ వారు పదేపదే ఫోన్ చేస్తున్నారు. చేరమంటారా, లేక బి.ఎడ్. చేయమంటారా?
– ఒక ఉపాధ్యాయిని, హైదరాబాద్

సమాధానం:

టీచర్ గారికి నమస్కారం.

నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ప్రస్తుతం మీకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పగలిగేవి మీ పిల్లల నోటు పుస్తకాలు. కోర్సులు, వర్క్‌షాపులు, వీడియోలు వాటి తరువాత వస్తాయి. వాటిలో మీకు ఏది అవసరమో, ఏది అనవసరమో కూడా ఆ నోటు పుస్తకాలు చూసిన తరువాతే తెలుస్తుంది.

మీరు హాజరైన శిక్షణలు మీకు ఎందుకు ఉపయోగపడలేదో ముందు చూద్దాం, ఎందుకంటే అందులో మీ లోపం కన్నా ఏర్పాటులోని లోపమే ఎక్కువ. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్‌ను ప్రారంభించి, మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, ప్రాథమిక గణితం రావాలని లక్ష్యం పెట్టుకుంది. మన రాష్ట్రంలో అదే ఉద్దేశంతో 2022లో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. ఆ లక్ష్యం సరైనదే, అక్షరం రాని బిడ్డకు భిన్నాలు చెప్పి ప్రయోజనం లేదు. అయితే ప్రభుత్వ శిక్షణల దృష్టి అటు మళ్లడంతో, ప్రైవేటు శిక్షకులు కూడా ఆ పదజాలాన్నే అందిపుచ్చుకోవడంతో, ఇటీవలి సంవత్సరాల్లో ప్రాథమిక పాఠశాల శిక్షణ అంటే పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం అన్నంతగా మారిపోయింది. 2020 జాతీయ విద్యావిధానం మూడు, నాలుగు, ఐదు తరగతులను సన్నాహక దశగా విడిగా గుర్తించినా, ఆ దశలో విషయం లోతు పెరిగేటప్పుడు ఉపాధ్యాయులకు ఎదురయ్యే ఇబ్బందుల గురించి మాట్లాడే శిక్షణలు అరుదుగానే కనిపిస్తాయి. మీకు ఒకటి, రెండు తరగతుల శిక్షణనే మళ్లీ మళ్లీ ఇస్తున్నారు. దాని అవసరం ఇప్పుడు మీకు అంతగా లేదు.

శిక్షణ ఇచ్చే పద్ధతిది మరో సమస్య. రాష్ట్ర స్థాయిలో కొందరికి, వారు జిల్లా రిసోర్స్ పర్సన్లకు, వారు మండల స్థాయివారికి, చివరకు టీచర్లకు అన్న క్రమంలో ఇచ్చే శిక్షణ, కిందికి దిగేకొద్దీ నీళ్లు కలిపిన మజ్జిగలా పలచబడుతుంది. రిసోర్స్ పర్సన్‌గా వెళ్లిన చోట నేను తరచుగా చూసినది ఇదే: పైనుంచి వచ్చిన స్లైడ్లను చదివి వినిపించడం, మధ్యాహ్నం గ్రూపులుగా కూర్చోబెట్టి చార్టు మీద స్కెచ్ పెన్నులతో రాయించడం, సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించడం. ఒక్క పిల్లవాడి జవాబు కూడా ఆ గదిలో చర్చకు వచ్చేది కాదు. జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలని చెప్పింది. గంటలు లెక్కపెట్టడం తేలిక కాబట్టి పాఠశాలలు లెక్కపెడుతున్నాయి. ఆ గంటల్లో ఏం జరగాలన్న దాని మీద మాత్రం అంత పట్టుదల కనిపించదు.

ఇక ఏం నేర్చుకోవాలన్న మీ ప్రశ్నకు వస్తాను. ఒక ఉదాహరణ తీసుకుందాం. 503 నుంచి 178 తీసివేయమని నాలుగో తరగతికి ఇవ్వండి. తప్పు జవాబులు అనేకం వచ్చినా, వాటిలో కొన్ని తప్పకుండా మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒక పాప 475 అని రాస్తుంది. ఇంకొకరు 375 అని, మరొకరు 305 అని రాస్తారు. మూడింటి పక్కనా మనం ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు పెట్టి, బోర్డు మీద లెక్క మళ్లీ చేసి చూపించి ముందుకు వెళ్లిపోతాం. కానీ ఈ ముగ్గురి తప్పు ఒకటి కాదు.

475 రాసిన పాప ప్రతి నిలువు వరుసనూ వేరే లెక్కగా చూస్తోంది, పైన ఉన్నదా కింద ఉన్నదా అని పట్టించుకోకుండా పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేస్తోంది. 503 అనే మొత్తం సంఖ్య ఆమె దృష్టిలో లేదు. మిగిలిన ఇద్దరికీ అప్పు తెచ్చుకోవడం వచ్చు. అయితే పదుల స్థానంలో సున్నా ఉండడంతో దానిని దాటి నేరుగా వందల్లో నుంచి తెచ్చి ఒకట్లకు ఇచ్చేశారు. ఆ తరువాత సున్నాలో నుంచి ఏడు పోదు కనుక ఒకరు ఏడు వేశారు, మరొకరు సున్నా వేశారు. వీరికి మళ్లీ అదే పద్ధతి చూపిస్తే ఫలితం ఉండదు. 503 అంటే 50 పదులు, 3 ఒకట్లు అని కూడా చూడవచ్చని వారికి తెలియాలి. 50 పదుల్లో నుంచి ఒక పది తెస్తే 49 పదులు, 13 ఒకట్లు అవుతాయి. 13లో 8 పోతే 5, 49 పదుల్లో 17 పదులు పోతే 32 పదులు, జవాబు 325. పది పుల్లల కట్టలతోనో, నోట్లుగా కత్తిరించిన కాగితాలతోనో ఒకసారి ఈ మార్పిడి చేయించిన తరువాత సున్నా మీద నుంచి దూకడం చాలావరకు తగ్గుతుంది. 475 రాసిన పాపకు మాత్రం దీనికన్నా ముందు వేరే పని ఉంది: 'అయిదు వందల చిల్లరలో నుంచి సుమారు రెండు వందలు తీస్తే ఎంత మిగలవచ్చు?' అని అడిగి, లెక్క చేసే ముందే అంచనా చెప్పించడం.

అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ప్రతిపాదించిన ఒక ఆలోచన ఇక్కడ పనికివస్తుంది. ఒక విషయం తెలిసి ఉండటం వేరు, దానిని పిల్లలకు బోధించడానికి కావలసినట్లుగా తెలిసి ఉండటం వేరు అన్నది ఆయన వాదన. మీకు తీసివేతలు తెలుసు. తొమ్మిదేళ్ల బిడ్డ తీసివేతను ఎన్ని రకాలుగా అపార్థం చేసుకోగలదో తెలియడం మాత్రం మరో జ్ఞానం. ఒకటి, రెండు తరగతుల్లో ఓపిక, ఆప్యాయత, ఆట పాట ఈ కొరతను కొంతవరకు కప్పిపుచ్చగలవు. నాలుగో తరగతి నుంచి అలా కుదరదు.

భిన్నాల దగ్గర పిల్లలు దిక్కులు చూస్తున్నారని రాశారు. అది సహజమే, అప్పటిదాకా వారికి తెలిసిన సంఖ్యల నియమాలన్నీ అక్కడ ఒక్కసారిగా తలకిందులవుతాయి. మూడు కన్నా నాలుగు పెద్దది కాబట్టి 1/3 కన్నా 1/4 పెద్దదని అనుకునే పిల్లవాడు తెలివితక్కువవాడు కాదు, తనకు తెలిసిన నియమాన్ని నిజాయతీగా వాడుతున్నాడు. 1/2కు 1/3 కలిపితే 2/5 అని రాసే పాప కూడా పైవి పైనా, కిందివి కిందా కలిపి ఒక క్రమాన్నే పాటించింది. ఆమెకు కసాగు సూత్రం మళ్లీ చెప్పే ముందు, 'అయిదింట్లో రెండు వంతులు సగం కన్నా ఎక్కువా, తక్కువా?' అని అడగండి. తక్కువ అని తేలాక, 'సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చింది?' అని అడిగి ఆగండి. ఆ తరువాత వచ్చే నిశ్శబ్దాన్ని వెంటనే మీరే నింపేయకండి, ఈ వయసు పిల్లలు ఇలాంటి చిక్కును ఇష్టపడతారు.

పాఠ్యపుస్తకాల్లో భిన్నం అనగానే గుండ్రటి రొట్టె బొమ్మే కనిపిస్తుంది. అది చూసి చూసి, భిన్నం అంటే రొట్టె ముక్క అనే తప్ప ఒక సంఖ్య అన్న ఊహ చాలామంది పిల్లలకు కలగదు. 3/4ను సంఖ్యారేఖ మీద గుర్తించమంటే తెల్లమొహం వేస్తారు. ఒకే పొడవున్న కాగితపు పట్టీలను రెండుగా, మూడుగా, నాలుగుగా మడిపించి, ఒకదాని కింద ఒకటి పరిపించండి. ఆ తరువాత ఆ పట్టీలనే సున్నా నుంచి ఒకటి దాకా గీసిన గీత మీద పెట్టించండి. కొలతలనూ వాడుకోండి, పావు కిలో, అర కిలో అన్న మాటలు మోండా మార్కెట్‌కు అమ్మతో వెళ్లే పిల్లలకు మనకన్నా బాగా తెలుసు. దశాంశాలకు డబ్బును ఉదాహరణగా వాడమని మాత్రం అందరూ చెప్పేస్తారు, దానిలో ఒక చిక్కుంది. రూపాయలు, పైసలుగా మాత్రమే దశాంశాన్ని నేర్చుకున్న పిల్లలు 4.5ను నాలుగు రూపాయల అయిదు పైసలుగా చదువుతారు. పైసలు వాడుకలో లేని కాలంలో పుట్టిన పిల్లలకు ఆ ఉదాహరణ ఎంత అర్థమవుతుందో కూడా ఆలోచించవలసిందే. స్కేలు మీది సెంటీమీటర్లు, మిల్లీమీటర్లు ఇంతకన్నా నమ్మదగినవి.

చదవడం గురించి. అమెరికాలో పఠనంపై పరిశోధన చేసిన జీన్ చాల్, మొదటి తరగతుల్లో పిల్లలు చదవడం నేర్చుకుంటారని, సుమారు నాలుగో తరగతి నుంచి నేర్చుకోవడం కోసం చదవవలసి వస్తుందని 1980ల్లో వివరించారు. అంతవరకు బాగా చదివిన కొందరు పిల్లలు సరిగ్గా ఆ మలుపులో వెనకబడటాన్నీ ఆమె గుర్తించారు. మన పిల్లల విషయంలోనూ నాకు కనిపించేది అదే. కథలో తెలిసిన మాటలుంటాయి, ఏం జరుగుతుందో ఊహించవచ్చు. పరిసరాల విజ్ఞానం పాఠంలో బాష్పీభవనం, జలాశయం, సంరక్షణ వంటి మాటలుంటాయి. వాక్యాలు పొడవుగా ఉంటాయి, క్రియ చివరికి గాని రాదు.

ఉదాహరణకు ఈ వాక్యం చూడండి: '1908లో మూసీకి వచ్చిన వరదల్లో నగరానికి తీవ్ర నష్టం జరిగినందువల్ల, వరద నీటిని ఆపడానికీ నగరానికి తాగునీరు అందించడానికీ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను నిర్మించారు.' ఐదో తరగతి పిల్లలు దీనిని తడబడకుండా చదువుతారు. జలాశయాలు ఎందుకు కట్టారని అడిగితే వాక్యం మొత్తం తిరిగి అప్పజెబుతారు. మనం కూడా 'కరెక్ట్' అని కూర్చోమంటాం. అదే 'వరదలు ఒక్కసారి కూడా రాకపోయి ఉంటే ఈ రెండు చెరువులూ కట్టేవారేనా?' అని అడిగి చూడండి. 'జరిగినందువల్ల' అన్న మాట కారణాన్ని చెబుతోందని, 'ఆపడానికీ, అందించడానికీ' అన్నవి రెండు ఉద్దేశాలని, అందులో ఒకటి లేకపోయినా రెండోది మిగులుతుందని గ్రహించిన పిల్లలే దానికి జవాబు చెప్పగలరు. ఈ కలిపే మాటలను, అంటే అందువల్ల, అయినప్పటికీ, కాబట్టి, ఒకవేళ వంటివాటిని, ప్రత్యేకంగా బోధించాలని మనకు ఏ శిక్షణలోనూ గట్టిగా చెప్పరు. రోజుకు ఒక పేరా చాలు. మీరు గట్టిగా చదువుతూ మధ్యలో ఆగి, 'ఇక్కడ నాకు ఇది అర్థం కాలేదు, పై వాక్యం మళ్లీ చూస్తాను' అని మీ ఆలోచనను పైకి చెప్పండి. అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి చదవవచ్చని, అది సిగ్గుపడవలసిన పని కాదని పిల్లలకు అలా తెలుస్తుంది.

మన నగరంలో ఒకే తరగతిలో ఉర్దూ, హిందీ, మరాఠీ, ఒడియా మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఉండటం మామూలే, పైగా మీది ఇంగ్లిష్ మీడియం కావచ్చు. పాఠం అర్థాన్ని ముందు ఏ భాషలో వచ్చితే ఆ భాషలో చెప్పనివ్వండి, తరువాత తరగతి భాషలోకి తీసుకురండి. 2022-23 నుంచి ప్రభుత్వ బడులకు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మీ బడిలో వేరే ప్రచురణకర్తల పుస్తకాలు వాడుతున్నా, వీటిని దగ్గర పెట్టుకుంటే మీ శ్రమ చాలా తగ్గుతుంది.

ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి స్థాయి కథ కూడా చదవలేని పిల్లలు మీకు తప్పక ఉంటారు. వారి విషయంలో మీ పాత అనుభవమే పెట్టుబడి, దానిని పక్కన పెట్టేయవద్దు. ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యా సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలను రోజులో కొంతసేపు తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెట్టి బోధిస్తారు. ఒక్క షరతు: ఆ గుంపులకు 'వీక్ సెక్షన్' అని పేరు పెట్టవద్దు, వాటిని శాశ్వతం చేయవద్దు. తొమ్మిది, పదేళ్ల పిల్లలు తమను ఎక్కడ కూర్చోబెట్టారో క్షణంలో గ్రహిస్తారు. అభినయ గేయాలు వారికి నచ్చకపోవడానికి కారణం కూడా ఇదే, తాము చిన్నపిల్లలం కాదని నిరూపించుకునే వయసది. స్నేహాలు, గుంపులు, న్యాయం అన్యాయం అన్న పట్టింపులు మొదలవుతాయి. మార్కులు పైకి చదవడం మానేసి, తరగతి నియమాలు రాయడంలోనూ పనులు పంచుకోవడంలోనూ వారిని కలుపుకుంటే క్రమశిక్షణ సమస్యలు కొంత తగ్గుతాయి. దీని మీద వేరే ఉత్తరమే రాయవచ్చు, ఇక్కడ ఇంతటితో వదిలేస్తాను.

ఎక్కడ నేర్చుకోవాలన్నది మీ రెండో ప్రశ్న. మొదటి స్థలం మీ స్టాఫ్ రూమ్. జపాన్‌లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు చాలాకాలంగా పాటిస్తున్న ఒక పద్ధతి ఉంది: కొందరు టీచర్లు కలిసి ఒకే ఒక పాఠాన్ని ప్రణాళిక వేసుకుంటారు, ఒకరు బోధిస్తుంటే మిగిలినవారు వెనక కూర్చుని చూస్తారు, తరువాత అందరూ కలిసి చర్చించి పాఠాన్ని మారుస్తారు. మీ బడిలో ఐదో తరగతికి రెండు సెక్షన్లుంటే ఇది మీకు తేలికగా కుదురుతుంది. మీకు నమ్మకమున్న ఒక్క సహోపాధ్యాయిని చాలు. ఆమె మీ తరగతిలో కూర్చున్నప్పుడు మిమ్మల్ని చూడవద్దని ముందే ఒప్పందం చేసుకోండి. ముగ్గురు పిల్లలను మాత్రం ఎంచుకుని, బాగా చదివే ఒకరు, మధ్యస్థంగా ఒకరు, నోరు విప్పని ఒకరు, ఆ పీరియడ్‌లో వారు ఏం రాశారు, పక్కవారితో ఏం అన్నారు, ఎక్కడ చెరిపేశారు అన్నది రాసుకోమనండి. ప్రిన్సిపాల్ పరిశీలనకు వచ్చి బ్లాక్‌బోర్డు పని, గొంతు, లెసన్ ప్లాన్ అని టిక్కులు పెట్టే ఫారానికి, దీనికి సంబంధం లేదు. ఆ సాయంత్రం ఆమె రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని పావుగంట మాట్లాడుకుని, పాఠంలో ఒక్కటి మార్చి, మర్నాడు రెండో సెక్షన్‌లో చెప్పండి. తరువాత మీరు ఆమె తరగతిలో కూర్చోండి.

ఇందుకు అడ్డంకి సమయమే. లీజర్ పీరియడ్ ఉదయం రాగానే సబ్‌స్టిట్యూషన్‌కు పోతుందని నాకు తెలుసు. ప్రిన్సిపాల్‌ను కొత్త శిక్షణ అడగవద్దు, డబ్బు అనగానే ముఖం మారుతుంది. మీ ఇద్దరికీ పదిహేను రోజులకు ఒకసారి ఒకే సమయంలో ఖాళీ పీరియడ్ కావాలని, ఆ రోజు సబ్‌స్టిట్యూషన్ వేయవద్దని మాత్రం రాతపూర్వకంగా అడగండి. ఫార్మేటివ్ పరీక్షల తరువాత ఏ రకం తప్పులు తగ్గాయో ఒక పేజీలో రాసి ఇస్తామని చెప్పండి. తల్లిదండ్రుల సమావేశంలో చూపించుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుందంటే చాలామంది ప్రిన్సిపాళ్లు కాదనరు. ప్రభుత్వ పాఠశాలలకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే సమావేశాలు, ఉన్నాయి. మీకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి, దగ్గరలోని ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతికి బోధించే సెకండరీ గ్రేడ్ టీచర్‌తో పరిచయం పెంచుకోవడం మంచిది.

బయట దొరికే ఉచిత వనరులు తక్కువేమీ కావు. ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలో, ఉపాధ్యాయుల కోసం తయారుచేసిన నిష్ఠా కోర్సులున్నాయి. వాటిని మీరు సర్టిఫికెట్ కోసం చివరి క్విజ్ దాకా పరుగెత్తించి ఉంటారు, అందరూ చేసేది అదే. ఈసారి గణిత బోధన మాడ్యూల్ ఒక్కదాన్నే తీసుకుని, అందులోని ఒక్క కృత్యాన్ని మీ తరగతిలో చేసి, పిల్లలు ఏమన్నారో రాసుకున్న తరువాతే తక్కినది చూడండి. ఎన్‌సీఈఆర్‌టీ 2025లో నాలుగు, ఐదు తరగతులకు కొత్త పాఠ్యపుస్తకాలు తెచ్చింది. అవి ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ పుస్తకంలోని భిన్నాల పాఠాన్నీ ఆ పుస్తకంలోని భిన్నాల పాఠాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఎవరు ఏ క్రమంలో చెప్పారు, ఏ బొమ్మలు వాడారు అని పోల్చడం ఏ వర్క్‌షాప్‌కూ తీసిపోదు. పిల్లలతో చదివించడానికి తార్నాకలోని మంచి పుస్తకం ప్రచురణలు, జన విజ్ఞాన వేదిక చెకుముకి మాసపత్రిక, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లోని తెలుగు కథలు ఉన్నాయి. స్టోరీవీవర్ కథలకు స్థాయిలు కూడా గుర్తించి ఉంటాయి కనుక, ఒకే తరగతిలో వేర్వేరు పిల్లలకు వేర్వేరు కథలు ఇవ్వవచ్చు.

మీకోసం ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. లెసన్ ప్లాన్ రికార్డు కాదు, అది ప్రిన్సిపాల్ సంతకం కోసం రాసేది. ఈ పుస్తకంలో వారానికి ఒక తప్పు జవాబును పిల్లవాడు రాసినది రాసినట్లే దించుకుని, దాని కింద అతడు ఏమనుకుని అలా రాసి ఉంటాడో మీ ఊహ, ఆ పిల్లవాడిని పిలిచి అడిగితే అతడు చెప్పిన కారణం రాయండి. చాలాసార్లు మన ఊహకూ అతడు చెప్పినదానికీ పొంతన ఉండదు. 34ను 26తో గుణించేటప్పుడు రెండో వరుసలో ఇంటూ గుర్తు ఎందుకు పెట్టావని అడిగితే 'టీచర్ పెట్టమన్నారు' అన్న జవాబు వస్తుంది. అక్కడ 34ను ఇరవైతో గుణిస్తున్నామని, అది 680 అని, ఆ ఖాళీ స్థానం సున్నాదని చెప్పవలసిన బాధ్యత అప్పుడు మనమీద పడుతుంది. ఇలా పోగైన పుస్తకంతో మీరు ఏ శిక్షణకు వెళ్లినా, శిక్షకుడిని అడగడానికి మీ దగ్గర ప్రశ్న ఉంటుంది. శిక్షకుడు ఆ ప్రశ్నను ఎలా అందుకుంటాడో చూస్తే ఆ శిక్షణ విలువ కూడా మీకు అక్కడే తేలిపోతుంది.

చివరగా డిప్లొమా, బి.ఎడ్. సంగతి. బి.ఎడ్. ప్రాథమిక తరగతుల అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు మీ డి.ఎడ్., దానితో పాటు టెట్ పేపర్-1 ఉంటే అర్హత ఉన్నట్లే. ఆరో తరగతి పైన బోధించాలన్న ఆలోచన ఉంటే బి.ఎడ్. చేయండి. నాలుగు, ఐదు తరగతులు బాగా చెప్పడం కోసమైతే దాని అవసరం లేదు. ఇక నలభై వేల డిప్లొమా: ముందు దానికి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి గుర్తింపు ఉందా అని అడగండి. లేకపోతే ఉద్యోగ అర్హతగా అది చెల్లదు, నేర్చుకోవడానికి మాత్రమే చేరుతున్నట్లు లెక్క. నేర్చుకోవడానికే అయితే మూడు విషయాలు తెలుసుకోండి. మీ పిల్లల రాతపని తెచ్చి చర్చించే భాగం కోర్సులో ఉందా? మీరు బోధించడాన్ని ఎవరైనా, వీడియోలోనైనా సరే, చూసి అభిప్రాయం చెబుతారా? నాలుగు, ఐదు తరగతుల గణితానికి ప్రత్యేకంగా ఎన్ని తరగతులు కేటాయించారు? ఈ మూడింటికీ ఫోన్‌లో కాక రాతపూర్వకంగా జవాబు అడగండి. ఈ రోజే కడితే రాయితీ అంటారు, ఆ మాట చెప్పిన రోజున కట్టకండి. జవాబు వచ్చి, అది మీకు నచ్చి, వాయిదాల్లో కట్టే వీలుంటే చేరండి. రాకపోతే ఆ నంబర్‌ను బ్లాక్ చేయండి.